నార్కట్‌పల్లి మజిలీలో నీళ్ళ సీసా ధర

హైదరాబాదు నుంచి విజయవాడ దారిలో చౌటుప్పల్, చిట్యాల దాటిన తరువాత వచ్చేది నార్కట్‌పల్లి. నల్గొండ జిల్లాలో మండల కేంద్రం. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. నేరుగా పోతే కట్టంగూరు, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ. కుడివైపు తిరిగితే నల్గొండ, మిర్యాలగూడ, ఆపైన వాడపల్లి దగ్గర కృష్ణానది దాటి పిడుగురాళ్ళ, నరసరావుపేట, అద్దంకి, మేదరమెట్ల. ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చెన్నై పోయే బస్సులెన్నో ఈ కూడలిలోనే మలుపు తిరుగుతాయి. అందుకే ఈ ఊరి పేరు వినని ప్రయాణికుడు రెండు రాష్ట్రాలలోనూ అరుదు. ఊరిని చూసినవారు మాత్రం తక్కువ. చాలామందికి ఇది నిద్రకళ్ళతో బస్సు దిగి, టీ తాగి, మళ్ళీ ఎక్కే చోటు మాత్రమే.

దిగి నాలుగడుగులు నడిస్తే ఊరు కనబడుతుంది. ఆర్టీసీ డిపో ఉంది. 1999లో మొదలైన కామినేని వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. చుట్టుపక్కల మండలాల నుంచి రోగులు, వారి వెంట బంధువులు ప్రతిరోజూ వస్తుంటారు. దగ్గరలోనే చెరువుగట్టు గుట్ట, దానిమీద జడల రామలింగేశ్వరస్వామి గుడి. అమావాస్య రాత్రులలోనూ, మాఘమాసపు జాతరలోనూ అక్కడికి వచ్చే జనానికి లెక్కలేదు. ఆసుపత్రికి వచ్చినవారు, జాతరకు వచ్చినవారు, దారిన పోయేవారు, ఈ ముగ్గురికీ కావలసినవి నాలుగే: కాస్త తిండి, తాగునీరు, మరుగుదొడ్డి, అవసరమైతే ఒక రాత్రి పడక. ఈ నాలుగింటి చుట్టూనే నార్కట్‌పల్లి రోడ్డు వెంట హోటళ్ళు, టీ కొట్లు, లాడ్జీలు వెలిశాయి.

ఈ దారి పాతది. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు వాకిలి మచిలీపట్నం. వజ్రాలు, వస్త్రాలు, గుర్రాలు, విదేశీ వర్తకులు అంతా ఈ రెండు ఊళ్ళ మధ్యనే నడిచారు. ఈనాటి జాతీయ రహదారి కూడా పూణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నానికే పోతుంది. మునుపు దాన్ని తొమ్మిదో నంబరు రోడ్డు అనేవాళ్ళం. 2010లో అంకెలు మార్చిన తరువాత అది 65 అయింది. పెద్దలు ఇప్పటికీ తొమ్మిదో నంబరనే అంటారు. హైదరాబాదు దాటగానే వచ్చే హయత్‌నగర్‌లో 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం మసీదు కట్టించి, దాని చుట్టూ బాటసారులకోసం గదుల వరుస కట్టించింది. ఆ సరాయి గదులను ఈనాటికీ చూడవచ్చు. ఒక రాణి బాటసారి పడక గురించి ఆలోచించిన దారి ఇది.

దారిలో తిండి అమ్మడమూ మన దేశంలో పాత వృత్తే. ఓరుగల్లు నగరంలోని పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని వర్ణించిన పద్యం 'క్రీడాభిరామం'లో ఉంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇవన్నీ చెప్పి, చివర ధర కూడా చెబుతాడు కవి. అన్నీ కలిపి ఒక రూక. నెయ్యికి వేరే లేదు, విస్తరాకుకు వేరే లేదు, నీళ్ళకు అసలే లేదు. కవి అతిశయోక్తి చెప్పాడనుకున్నా, ఒకే ధరకు అన్నీ పెట్టడమనే పద్ధతి మాత్రం ఆ కాలపు పాఠకులకు వింత కాకపోబట్టే అలా రాశాడు.

ఇప్పుడు ఈ దారి మీద ఒక రాత్రి ఆగి చూడండి.

పదకొండున్నర, పన్నెండు గంటలవేళ. బస్సు ఒక పెద్ద హోటలు ముందు ఆగుతుంది. ఆ హోటలును ఎంచుకున్నది ప్రయాణికులు కాదు. బస్సు యజమానికి, హోటలువారికి ముందే ఒప్పందం ఉంటుంది. డ్రైవరు, క్లీనరు లోపలి గదిలో భోంచేస్తారు, వారికి బిల్లు ఉండదు. ఆ భోజనం ఖర్చు ఎక్కడికి చేరుతుందో ఊహించడం కష్టం కాదు. దిగిన నలభై మందికీ వేరే హోటలుకు నడిచి వెళ్ళే వ్యవధి లేదు. పదిహేను నిమిషాలలో హారన్ మోగుతుంది. బేరమాడే వీలులేని కొనుగోలుదారు దొరికినప్పుడే వ్యాపారి నిజాయితీ బయటపడుతుందని మా ఊరి కిరాణా కొట్టు ముసలాయన అనేవాడు.

మా మందిరానికి చెందిన ఒక కుటుంబం ఇట్లాగే ఒంగోలులో పెళ్ళి చూసుకుని తిరిగివస్తూ ఈ దారి మీద ఒక హోటలులో దిగింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. కూర్చోగానే బల్లమీద రెండు నీళ్ళ సీసాలు పెట్టి మూతలు తీసేశాడు కుర్రవాడు. ఎవరూ అడగలేదు. ముసలామె దప్పికతో ఉంది, తాగేసింది. బిల్లు వచ్చాక చూస్తే సీసామీద అచ్చయిన ధరకు రెండింతలు పడింది. దానికి తోడు టిఫినుకు ఏసీ హాలు ధర, మిగిలిన రెండు దోసెలు కట్టించుకుంటే పార్సిలు డబ్బా చార్జి, కింద సర్వీసు చార్జి, ఆ మొత్తం మీద పన్ను. గోడమీది పట్టికలో చూసి వారు లెక్కగట్టుకున్న మొత్తానికీ, కట్టిన మొత్తానికీ దాదాపు మూడోవంతు తేడా. కూలి పనితో బతికే ఇల్లు అది. పిల్లవాడు అడిగిన పాలగ్లాసు వద్దని లేపి తీసుకుపోయారు. ఆ తల్లి తరువాత మా ఇంట్లో చెబుతూ డబ్బు పోయినందుకు కాదు, పసివాడిని నలుగురిలో కసిరినందుకు కళ్ళు తుడుచుకుంది.

ఈ కథలో నీళ్ళ సీసా దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది నల్గొండ జిల్లా. ఈ జిల్లా నేలలోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళమీద గోధుమరంగు మచ్చలతో మొదలై, ఎముకలు వంకరపోయి, నడుము వంగి, నలభై ఏళ్ళకే మంచం పట్టినవారిని ఇక్కడి ప్రతి సంఘమూ ఎరుగును. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, చిట్యాల, నార్కట్‌పల్లి మండలాల పల్లెలు ఈ బాధ చాలాకాలం పడ్డాయి. కృష్ణానీరు కుళాయిలకు వచ్చినందువల్ల, ఆపైన 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం వల్ల పరిస్థితి చాలా మెరుగుపడింది. ఆ పథకపు పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. అయినా ఇక్కడి మనుషులకు కొత్తచోట కుండలో నీళ్ళు చూస్తే ఇంకా అనుమానమే. 'ఏ నీళ్ళు ఇవి' అని అడగడం ఈ ప్రాంతంలో మర్యాదలేని ప్రశ్న కాదు, ప్రాణభయంతో అలవాటైన ప్రశ్న. అలాంటిచోట జగ్గులో మంచినీళ్ళు పెట్టడం మానేసి సీసా ఒక్కటే దారి అని చూపిస్తే, ప్రయాణికుడు ఎంతైనా ఇచ్చి కొంటాడు. ఆ భయం మీద లాభం చేసుకోవడం నాకు మిగతా చార్జీలన్నిటికంటే బరువుగా తోస్తుంది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. ఇందులో చిన్న మెలిక ఉంది. 2009లో వచ్చిన తూనికలు కొలతల చట్టం, దానికింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం, అచ్చయిన గరిష్ఠ చిల్లర ధర కంటే ఎక్కువకు దుకాణదారు అమ్మకూడదు. పన్నులన్నీ ఆ ధరలోనే కలిసి ఉంటాయి, కాబట్టి దానిమీద మళ్ళీ జీఎస్టీ వేయడమూ కుదరదు. అయితే హోటళ్ళ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2017 డిసెంబరు 12న కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, హోటలులో, రెస్టారెంటులో కూర్చున్నవారికి వడ్డించే నీళ్ళ సీసాకు ఈ నిబంధన వర్తించదు. అక్కడ కొనేది ఉత్త నీళ్ళు కావు, కుర్చీ, చల్లదనం, వడ్డన కూడా అందులో కలిసి ఉన్నాయన్నది దాని సారాంశం. అందుచేత లోపల బల్ల దగ్గర వడ్డించిన సీసాకు ఎక్కువ తీసుకుంటే తూనికలవారు కేసు పెట్టలేరు. అదే హోటలు వాకిట్లో ఉన్న కొట్టులో, కౌంటరులో, బస్సు కిటికీ దగ్గర అమ్మే సీసాకు మాత్రం అచ్చు ధరే గరిష్ఠం. కొట్టువాడు 'ఫ్రిజ్ చార్జి' అని రెండు రూపాయలు అడిగితే అది చట్టవిరుద్ధమే. మన పిల్లలు ఈ తేడా తెలుసుకుంటే చాలు. సీసా కావాలంటే వాకిట్లో కొనుక్కుని లోపలికి వెళ్ళవచ్చు. బల్లమీద అడగకుండా పెట్టిన సీసాను మూత తీయకముందే మర్యాదగా వెనక్కి ఇవ్వవచ్చు. 'బాబూ, మాకు జగ్గులో నీళ్ళు చాలు' అనడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సీసానీళ్ళ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రైల్వేవారు ఆ రోజు నుంచే తమ లీటరు సీసాను 15 రూపాయల నుంచి 14కు దించారు. రోడ్డుమీద ఆ రూపాయి ఎంతమందికి తిరిగి వచ్చిందో ఎవరి అనుభవం వారిది.

ఇక సర్వీసు చార్జి. బిల్లు కింద ఐదో, పదో శాతం వేసే ఈ మొత్తం ప్రభుత్వ పన్ను అని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడానికి అనువుగానే దాన్ని పన్ను పక్కన అచ్చువేస్తారు. అది పన్ను కాదు. ప్రభుత్వానికి పైసా పోదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. హోటళ్ళు సర్వీసు చార్జిని తమంతట తాముగా బిల్లులో కలపకూడదు, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవారిని లోపలికి రానివ్వకపోవడం తగదు, దాన్ని బిల్లులో కలిపి దానిమీద జీఎస్టీ వేయకూడదు. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోగా ఆ నెలలోనే తాత్కాలికంగా స్టే వచ్చింది. తరువాత 2025 మార్చి 28న హైకోర్టు ఆ సంఘాల పిటిషన్లను కొట్టివేసి, ఒక్కొక్కరికి లక్ష రూపాయల ఖర్చులు వేసి, మార్గదర్శకాలు సబబేనని తీర్పు చెప్పింది. సంఘాలు దానిమీద అప్పీలుకు వెళ్ళాయి. అంటే వడ్డించిన కుర్రవాడికి మీరు సంతోషంగా ఇచ్చేది మీ ఇష్టం, బలవంతంగా బిల్లులో రాసేది కూడదు.

లెక్క ఒకసారి వేసి చూడండి. మీరు తిన్నది వెయ్యి రూపాయలకనుకుందాం. 5 శాతం జీఎస్టీతో 1050 అవుతుంది. అదే పది శాతం సర్వీసు చార్జి కలిపి 1100 చేసి, దానిమీద పన్ను వేస్తే 1155. తేడా 105 రూపాయలు. ఇందులో ఐదు రూపాయలు, లేని రుసుము మీద కట్టిన పన్ను.

ఆ జీఎస్టీ సంగతీ తెలిసి ఉండడం మంచిది. 2017 నవంబరు 15 నుంచి ఇటువంటి మామూలు రెస్టారెంట్లలో ఏసీ ఉన్నా లేకున్నా పన్ను ఒకటే, 5 శాతం. కాబట్టి 'ఏసీ కనుక పన్ను ఎక్కువ' అనే మాట చెల్లదు. ఏసీ హాలుకు ధర వేరుగా పెట్టుకోవచ్చు, కాని దాన్ని పట్టికలో ముందే చూపించాలి కదా. రెండోది, చిన్న హోటళ్ళు కొన్ని కాంపోజిషన్ పద్ధతిలో ఉంటాయి. వారు తమ అమ్మకాల మీద పన్ను తామే కట్టుకోవాలి. గిరాకీ దగ్గర జీఎస్టీ అని విడిగా వసూలు చేసే హక్కు వారికి లేదు, ఆ మాట బిల్లుమీద రాసి ఉండాలి. మూడోది, పన్ను వేసిన ప్రతి బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉండి తీరాలి. తెలంగాణవాళ్ళ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్‌వాళ్ళది 37తో మొదలవుతుంది. నంబరు లేని చీటీమీద పన్ను వేశారంటే ఆ పన్ను ఎవరి జేబులోకి పోతున్నదో అడగవలసిందే. పదో తరగతి చదివిన మన ఆడపిల్లలు ఈ మూడూ ఒక్క నిమిషంలో చూసి చెప్పగలరు. బిల్లు వచ్చినప్పుడు వారి చేతికే ఇవ్వండి.

తిండి సంగతి పది నిమిషాల చికాకుతో పోతుంది. పడక సంగతి అలా కాదు. ఆసుపత్రిలో మనిషిని చేర్పించి, వార్డులో ఒక్కరినే ఉండనిస్తే మిగిలినవారు బయట గది తీసుకోవలసి వస్తుంది. ఏ ఊరి ఆసుపత్రి దగ్గరైనా ఇదే కథ. ఫోనులో చెప్పిన అద్దె ఒకటి. వెళ్ళాక మూడో మనిషికి అదనం, పరుపుకు అదనం, వేడినీళ్ళ బకెట్టుకు ఇంత, కరెంటు పోతే జనరేటరుకు ఇంత. అన్నిటికంటే నలిపేది వేళ లెక్క. కొన్నిచోట్ల ఇరవైనాలుగు గంటల లెక్క. కొన్నిచోట్ల మీరు రాత్రి పదింటికి దిగినా మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు రోజు పూర్తయినట్టే. తెల్లవారుజామున నాలుగింటికి రోగితో వచ్చినవారికి ఎనిమిది గంటలకే ఒక రోజు అద్దె పూర్తయిపోయే లాడ్జీలూ ఉన్నాయి. డబ్బు అడ్వాన్సు ఇవ్వకముందు అడగవలసిన మొదటి ప్రశ్న, అద్దె ఎంత అని కాదు, రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందని. పన్ను సంగతి: 2022 జూలై 18 నుంచి వెయ్యి రూపాయలలోపు గదిమీద కూడా జీఎస్టీ పడింది, అప్పుడు 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7500 రూపాయలలోపు గదులకు అది 5 శాతానికి దిగింది. ఇప్పుడు ఎవరైనా పాత అలవాటుకొద్దీ 12 శాతం వేస్తే ఒప్పుకోనవసరం లేదు.

ఈ బాధ మనకే పరిమితమని అనుకోకండి. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడిగితే ఇంతకన్నా పెద్ద కథలు చెబుతారు. అక్కడ, ముఖ్యంగా లాస్ వెగాస్ వంటి విహార పట్టణాలలో, గది అద్దెకు తోడు 'రిసార్ట్ ఫీజు' అని రాత్రికి ముప్పై, నలభై, యాభై డాలర్లు వేసే అలవాటు పాతుకుపోయింది. ఈతకొలను, వ్యాయామశాల, ఇంటర్నెట్, వీటికోసమట. ఈతరాని ముసలి అత్తగారిని తీసుకువెళ్ళినా కొలను రుసుము తప్పదు. గది కుదుర్చుకునేటప్పుడు తెరమీద చూపే ధర ఒకటి, చివరి పేజీలో కట్టేది మరొకటి. జనం విసిగిపోయి ఏళ్ళతరబడి ఫిర్యాదులు చేయగా, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 డిసెంబరులో ఒక నిబంధన ఖరారు చేసింది. 2025 మే 12 నుంచి అది అమలులోకి వచ్చింది. హోటలువారు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన పూర్తి ధరనే మొదట చూపించాలి. రుసుము వేయవద్దని ఆ నిబంధన చెప్పలేదు. దాచవద్దని చెప్పింది.

ఆ మాటకొస్తే మన దేశంలో ఈ ఆలోచన చాలా పాతది. 1867లో తెల్లదొరలు చేసిన సరాయిల చట్టంలో సరాయి నడిపేవాడి విధులు వరుసగా రాశారు. గదులు, బావులు, కాలువలు శుభ్రంగా ఉంచాలి. కాపలాదారులను పెట్టాలి. అంటురోగి ఉంటే కబురు చేయాలి. వాటి చివర ఇంకొకటి: సరాయి వాడుకకు ఎంత తీసుకుంటారో ఆ ధరల పట్టికను జిల్లా మేజిస్ట్రేటు చెప్పిన చోట, చెప్పిన భాషలలో కనబడేట్టు పెట్టాలి. చెప్పిన భాషలలో అన్నది గమనించండి. నేడు ఈ రహదారి మీద ఎన్నో పెద్ద హోటళ్ళలో ధరల పట్టిక ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు చదివే రైతుకు, కూలీకి అది గోడమీద బొమ్మతో సమానం.

టోల్ గేటు సంగతి చూడండి. ఈ నాలుగు వరుసల రోడ్డుమీద 2012 డిసెంబరు నుంచి టోలు వసూలు చేస్తున్నారు. హైదరాబాదు, విజయవాడల మధ్య పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు గేట్లు. మత్తయి కూర్చున్న సుంకపు మెట్టు గురించి ఆదివారపు బడిలో చెప్పేటప్పుడు పంతంగి గేటు పేరు చెబితే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. సంక్రాంతికి అక్కడ కార్ల బారు చూసినవారెవరూ ఆ గేటును ప్రేమించరు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. కారుకు ఎంత, లారీకి ఎంత అన్నది గేటుకు ముందే మనిషంత అక్షరాలతో బోర్డుమీద ఉంటుంది. ఫాస్టాగ్ లేకుండా వస్తే రెట్టింపు అని ముందే చెబుతారు. 2025 నవంబరు 15 నుంచి ఫోనులో యూపీఐ ద్వారా కడితే ఒకటింపావు వంతు అని అదీ ముందే చెప్పారు. కట్టేవాడికి కష్టమే, కాని వంచించబడ్డానన్న బాధ ఉండదు. పక్కనే ఉన్న హోటలు ఆ మాత్రం బోర్డు ఎందుకు పెట్టలేదు?

హోటలువారి వైపు నుంచి కూడా నాలుగు మాటలు చెప్పాలి. రాత్రంతా పొయ్యి ఆరకుండా ఉంచడం తేలిక కాదు. మనం నిద్రపోయే వేళ వారి వంటవాడు అట్లు పోస్తున్నాడు. రోడ్డుపక్క స్థలాల అద్దెలు, గ్యాసు సిలిండరు, నూనె ధర, కరెంటు అన్నీ పెరిగాయి. బల్లలు తుడిచే కుర్రవాళ్ళు చాలామంది ఒడిషా నుంచో, బీహారు నుంచో వచ్చినవారు. వారికి జీతం ఇవ్వాలి. ఇన్ని ఖర్చులున్నాయి కనుక ఇడ్లీ పళ్ళెం ధర పదిరూపాయలు పెంచితే ఎవరూ తప్పుపట్టరు. పట్టికలో ఆ ధర చూసి, గిట్టుబాటు కాదనుకున్నవాడు అరటిపండు కొనుక్కుంటాడు. ఎంత ఖర్చవుతుందో తెలిసి కూర్చున్నవాడికి కోపం రాదు. లూకా సువార్తలో సమరయుడు పూటకూళ్ళవాని చేతిలో రెండు దేనారములు పెట్టి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగివచ్చి తీరుస్తానని చెప్పి వెళ్ళిన సంగతి మనందరికీ కంఠస్థమే. ఆ పైఖర్చు మాట ఎత్తినది గిరాకీ, హోటలువాడు కాదు. ఆ పూటకూళ్ళవాని నమ్మకం గురించి మనం ప్రసంగాలలో తగినంతగా చెప్పుకోలేదేమోనని నాకు అనిపిస్తుంది. దారిన పోయేవాడు పెద్ద లెక్క రాయకుండా డబ్బు వదిలి వెళ్ళగలిగాడంటే, ఆ మనిషి అబద్ధపు బిల్లు వేయడన్న ధైర్యం ఉండే ఉంటుంది.

అటువంటివారు నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఈనాటికీ ఉన్నారు. రోడ్డు దిగి ఊళ్ళోకి వస్తే, పలకమీద సుద్దముక్కతో ధర రాసి ఇడ్లీ అమ్మే అమ్మలు, స్టీలు గ్లాసులో నీళ్ళు ముందు పెట్టి తరువాత ఏం కావాలని అడిగే టీ కొట్లవారు కనబడతారు. అక్కడ చట్నీ రెండోసారి వేస్తే డబ్బు లెక్కపెట్టరు. సొంత కారులోనో, ఆటోలోనో వెళ్ళేవారు కూడలి నుంచి రెండు ఫర్లాంగులు లోపలికి వెళ్ళడానికి బద్ధకించకూడదు. బస్సులో వెళ్ళేవారికి ఆ వీలు లేదు కనుక మన పెద్దల పద్ధతే మేలు. పులిహోరో, చపాతీలో, మామిడికాయ తొక్కుతో పెరుగన్నమో మూటకట్టుకుని, ఇంటినీళ్ళు పెద్ద సీసాలో నింపుకుని బయలుదేరడం. 'బయటి తినుబండారములు అనుమతించబడవు' అని బోర్డు ఉన్నచోట లోపలికి పోనక్కరలేదు. మరుగుదొడ్డికోసం మాత్రమే దిగినవారు పెట్రోలు బంకులను గుర్తుంచుకోవాలి. మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వడం బంకువారి బాధ్యతలలోనివి. టోల్ గేట్ల దగ్గరా మరుగుదొడ్లు ఉంటాయి. ఆడవారితో రాత్రి ప్రయాణం చేసేవారికి ఇది చిన్న సంగతి కాదు.

అన్యాయంగా తీసుకున్నారని తోచినప్పుడు అక్కడికక్కడే గొంతు పెంచవద్దు. బస్సు వెళ్ళిపోతుంది, వయసుపోరగాళ్ళు చేయిచేసుకుంటారు, కుర్రవాడి జీతంలో కోత పడుతుంది. మేనేజరును పిలిచి, సర్వీసు చార్జి తీసివేయమని నెమ్మదిగా అడగండి. చాలాచోట్ల అడిగితే తీసేస్తారు, అడగనివారి దగ్గరే అది నిలుస్తుంది. తీయకపోతే డబ్బు కట్టి, బిల్లు, గోడమీది ధరల పట్టిక, సీసామీది అచ్చు ధర మూడింటికీ ఫోనులో ఫోటో తీసుకోండి. ఇల్లు చేరాక 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం తెలుగులోనే మాట వింటుంది, ఫోనుకు ఖర్చు లేదు. కొట్టులో అచ్చు ధరకంటే ఎక్కువ తీసుకుంటే జిల్లాలోని తూనికలు కొలతల శాఖకు రాయవచ్చు. అక్కడా తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి కొత్త చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చాక, ఫిర్యాదు చేసేవారు తాము నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. నార్కట్‌పల్లిలో బిల్లు కట్టిన ఒంగోలు మనిషి మళ్ళీ నల్గొండకు తిరగనక్కరలేదు. ఐదు లక్షల రూపాయలలోపు విలువకు దాఖలు రుసుము లేదు, వకీలు లేకుండా స్వయంగా చెప్పుకోవచ్చు. బిల్లు కాగితం వేడికి అక్షరాలు వెలిసిపోయే రకం కనుక ఫోటో ఆ రాత్రే తీయాలి. నెల తరువాత సంచిలోంచి తీస్తే తెల్లకాగితమే మిగులుతుంది.